ఆనపకాడలో పుచ్చవేరు

అంటు కట్టిన మొక్క పచ్చగా నిలబడితే అంటు అతికినట్టే అనుకునేదాన్ని. ఎవరైనా అలాగే అనుకుంటారు కదా!

మా మెట్టభూమిలో, అదే మా గరువులో, పుచ్చ వేసిన ప్రతిసారీ పిందె పడే వేళకి ఎండుతెగులు వచ్చి, తీగలు ఉన్నచోటనే వాలిపోయేవి. తెగులు మట్టిలోనే ఉంది. మా మావగారు విసిగిపోయి, ఈసారి సరుగుడు వేసేస్తానన్నారు. సరుగుడు వేస్తే కొన్నేళ్ళదాకా గరువు మొహం చూసే పని ఉండదు. నాకు ప్రాణం ఒప్పలేదు. ఇంట్లో అంతా అత్త మాట, పొలాల్లో అంతా మావ మాట. ఆ పుచ్చతీగ ఒక్కటే నా మాట వినేది.

ఆనప వేరుకి ఆ తెగులు అంటదనీ, దాని మీద పుచ్చని అంటు కడితే గట్టెక్కొచ్చనీ గజపతినగరం వైపు ఒక నర్సరీలో చూసి వచ్చాను. గింజలేని పుచ్చ విత్తనం కూడా తెచ్చాను. మావగారు పొట్లం అటూ ఇటూ తిప్పి చూశారు.

"గింజలేని కాయకి గింజెక్కడినుంచి వచ్చినాదే?"

"రెండు రకాల పుచ్చని కలిపితే ఈ గింజ వస్తాదట మావా."

"తల్లికున్నాది, పిల్లకి లేదన్నమాట. సర్లే, సూద్దాం. పోతే సరుగుడే!"

ఆనప మొలక చిగురు గిల్లి, అక్కడ పుల్లతో సన్నగా పొడిచి, మొన చెక్కిన పుచ్చ మొలకని అందులో దించాలి. కాడ లావుగా ఉంటే గట్టిగా పట్టుకుంటుంది కదా అని ఆనపని బాగా ఎదగనిచ్చాను. అంటు కట్టి, తడి ఆరకుండా పాలిథిన్ కప్పి నీడలో పెట్టాను. కవరు తీసేసరికి దాదాపు అన్నీ పచ్చగా ఉన్నాయి. ఎంత పొంగిపోయానో!

ఆ సంబరంలోనే ఒక ట్రే చెయ్యి జారింది. ఒక మొక్క కాడ విరిగింది. విరిగినచోట తెల్లటి దారంలా ఏదో వేలాడుతోంది. ఇదేమిటా అని బ్లేడుతో కాడని నిలువునా చీల్చాను. ఎదిగిన ఆనపకాడ లోపల బోలు. ఆ బోలులోంచి పుచ్చ సొంతంగా వేరు దించుకుని మట్టిదాకా పోయింది. ఇంకొకటి చీల్చాను. ఒలమ్మో, అదీ అంతే! ప్రతి ట్రేలోంచీ ఒకటి తీసి చీల్చినా అదే కథ.

"పచ్చగానే ఉన్నాయి కదే, గరువులో పాతెయ్," అన్నారు మావగారు.

"అతకలేదు మావా. పుచ్చ తన వేరు మీదే బతుకుతోంది. పాతితే మళ్ళీ ఆ తెగులే."

"పైన పటారం, లోన లొటారం! నాను ముందే సెప్పినాను."

ఆ పచ్చటి మొక్కలన్నీ నా చేతులతోనే పెంటమీద పారేశాను. అయినా కాడ బోలు పడకముందే కడితే ఎలా ఉంటుందో చూడాలన్న దురద మాత్రం పోలేదు. మిగిలిన గింజలు వేసి చూస్తానని బతిమాలాను. ఆయన సరే అనలేదు, వద్దనీ అనలేదు.

ఈసారి ఆనపకి గింజలోంచి వచ్చే రెండు బద్దాకులు విచ్చుకుని, తొలి ఆకు ఇంకా ముడుచుకుని ఉండగానే కట్టాను. కాడ గట్టిగా ఉంది. పుల్లని నిటారుగా కాకుండా ఏటవాలుగా దించాను. కొన్ని వాడిపోయాయి, కొన్ని నిలిచాయి. నిలిచినవి నిజమో కాదో కొయ్యందే తెలియదు, కొయ్యడానికి నాకు చెయ్యి రావడంలేదు.

మావగారే బ్లేడు తీసుకున్నారు. ఒక కాడ చీల్చి, ఎండకి పెట్టి చూశారు.

"ఏదే, పుచ్చ యేరేదే?"

"లేదు మావా. రెండూ ఒకటైపోనాయి."

ఆయన రెండో మొక్కకి చెయ్యి చాచారు. గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"అన్నీ కోసీసి గరువులో ఏటి పాతుతావు మావా?"

బ్లేడు నా చేతిలో పెట్టి, పార తీసుకుని లేచారు.

"గోతికీ గోతికీ ఎంతెడం ఉండాలో సెప్పు మరి."

రెండు చేతులూ బారగా చాచి చూపించాను.