చెరుకురసం బండి ఐసు

2023 వేసవి. అప్పటికి ప్రొద్దుటూరులో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. లింగాల దగ్గరి పల్లె నుంచి ఓబులేసు, ఆయన భార్య నాగమ్మ వచ్చారు. గొర్రెలు కాసే కుటుంబం. అంతకు ముందు ఏడాది ఓబులేసుకు లివర్ క్యాన్సర్ అని తేలితే, నాగమ్మ తన కాలేయంలో ముక్క ఇచ్చి బతికించుకుంది.

"ఇంతకుముందు ఈయమ్మ బయటినుంచే తిడతాండె. ఇప్పుడు కడుపులోంచి గూడా తిడతాంది," అన్నాడు ఓబులేసు, చొక్కా చెయ్యి మడుస్తూ.

నాగమ్మ నవ్వలేదు. ఆమె భయం నాకు అర్థమైంది. మామూలు రక్తపరీక్షలో క్యాన్సర్ సూచిక కొంచెం పెరిగింది. స్కాన్‌లో ఏమీ కనపడలేదు. అందుకని డాక్టరు సీటీసీ పరీక్ష కూడా రాశారు. సీటీసీ అంటే సర్క్యులేటింగ్ ట్యూమర్ సెల్స్, గడ్డ నుంచి విడిపోయి రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాలు. ఇదొక్కటే అంతా తేల్చేయదు గానీ, జబ్బు తిరగబెడుతోందా అన్న అనుమానం వచ్చినప్పుడు ఒక ఆధారం. రక్తాన్ని ప్రత్యేకమైన ట్యూబ్‌లో పట్టి నగరంలోని పెద్ద ల్యాబ్‌కు పంపాలి. ఎండ తగలకూడదు, ఐస్ అసలే తగలకూడదు. చలికి కణాలు దెబ్బతింటాయి.

ట్యూబ్‌ను థర్మోకోల్ పెట్టెలో సర్దుతూ ఇదంతా చెప్పాను. "కొరియర్ ఆఫీసు దాకా నేనే పట్టకపోతా అక్కా," అని నాగమ్మ పట్టుబట్టింది. సరే అన్నాను.

మర్నాడు పెద్ద ల్యాబ్ నుంచి ఫోన్. పెట్టె నిండా చల్లటి నీళ్ళు, శాంపిల్ పనికిరాదన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కబురు చేసి వాళ్ళను మళ్ళీ రప్పించాను.

"పెట్టెలో ఐసు ఎవరు పెట్టినారు?"

"నేనే అక్కా. చెరుకురసం బండి కాడ అడిగి పెట్టినా."

"వద్దని చెప్పినా కదా!"

"చెప్పినావు. ఆ ఎండ చూస్తే మనసు ఒప్పలేదు. గొర్రెల టీకాలే ఐసులో పెట్టుకోని తెస్తామే, మా ఆయప్ప నెత్తురు అంతకన్నా తక్కువదా?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఓబులేసు రెండో చెయ్యి చాపాడు. "తియ్యక్కా. ఈయమ్మ ప్రేమకు ఇంకో గొట్టం నెత్తురు కట్టాల్సిందే."

ఈసారి కొరియర్ ఆఫీసుకు నేనూ ఆమె వెంట వెళ్ళాను. తన నెత్తిన ఎండ మాడుస్తున్నా, కొంగు మాత్రం పెట్టె మీదే కప్పింది. చెరుకురసం బండి దగ్గర ఆగి నా వైపు చూసింది.

"వద్దు," అన్నాను.

"నేనేం అడగనే లేదే," అని మొదటిసారి నవ్వింది.

రిపోర్టులో క్యాన్సర్ కణాలు కనపడలేదు. మళ్ళీ తీసిన స్కాన్‌తో కలిపి చూసి, జబ్బు తిరగబెట్టిన గుర్తులేవీ లేవని డాక్టరు చెప్పారట. చెకప్పులు మాత్రం మానొద్దన్నారట. ఈ మాట చెప్పడానికి నాగమ్మ ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అంతలోనే అవతల భర్త మీద కేకేసింది. "ఇంగా పండుకోనే ఉండావేంది? లెయ్, గొర్రెల్ని తోలుకపో!"

ఆ తిట్టు విని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

ఈ ఉద్యోగంలో ఎన్ని ట్యూబ్‌లు పంపానో లెక్కలేదు. అప్పటిదాకా నాకు అవన్నీ శాంపిళ్ళే. ఇప్పుడు మాత్రం పెట్టె ఎవరి చేతికైనా ఇచ్చేటప్పుడు, ఐసు వద్దని చెప్పే ముందు, ఈ నెత్తురు మీకు ఏమయ్యేవాళ్ళదమ్మా అని అడుగుతాను.