“యాల?” అని అడిగే అక్క

మదనపల్లెలోని మా చిన్న ఆఫీసులో పాల డెయిరీలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం. కోడ్ మార్చిన ప్రతిసారీ దాని కింద కమిట్ మెసేజ్ అని ఒక లైను రాయాలి. నేను “చిన్న మార్పు” అని రాసి చేతులు దులుపుకునేవాణ్ణి. మా టీమ్ లీడ్, కుప్పం అక్క, దాన్ని ఒక్క మాటతో తిప్పి పంపేది: “యాల?” ఎందుకు మార్చావని.

ఒకరోజు విసుక్కున్నాను. “కోడ్‌లో కనిపిస్తానే ఉండాది కదక్కా!”

“ఏం మార్చినావో కోడ్ చెప్తాదప్పా. యాల మార్చినావో నువ్వే చెప్పల్ల. రేపు అడుగుదామంటే మనిషి ఉండద్దా?”

నేను వేరే ఉద్యోగం వెతుక్కుంటున్న సంగతి తెలిసిపోయిందేమోనని బెదిరి, తలొంచుకున్నాను. ఆమె ముఖంలోకి చూడనే లేదు.

ఆ వారమే వైద్యానికని బెంగళూరు వెళ్లింది. శవమై కుప్పం చేరింది.

నెల తర్వాత పుంగనూరు డెయిరీలో సర్వర్ ఆగిపోయింది. అలాంటప్పుడు మా సిస్టమ్ దానంతటదే చేసే మొదటి ఫోన్ ఎప్పుడూ అక్కకే వెళ్లేది. ఈసారి నాకొచ్చింది. నంబరు ఎవరు మార్చారా అని కోడ్‌లో వెతికాను. బెంగళూరు వెళ్లే ముందురోజు ఆమే తన నంబరు తీసేసి నాది పెట్టింది. కింద, ఎప్పటిలాగే, కారణం రాసింది:

“ఇంకమీద ఫోన్ ఎత్తేదానికి నేను ఉండను. ఈయప్ప ఎత్తుతాడు.”