రవణమ్మ ఇంట్లో రెండో గొంతు

ఈ చేతుల్లోకి ఎంతమంది బిడ్డలు వచ్చారో, వాళ్లందరి మీదా ఒట్టు. అబద్ధమే చెప్పదలుచుకుంటే ఇంతకంటే నమ్మేలా కట్టి చెప్పగలను. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను కనకే నాకే నమ్మశక్యంగా ఉండదు. ఆ దీపం అలాగే ఉండనివ్వండి... ఆర్పకండి.

అరవైల మొదట్లో సంగతి. సముద్రం పక్కన కాలవ మీద కట్టెల పడవలు, ఉప్పు పడవలు ఇంకా నడుస్తున్న రోజులు. నెల్లూరులో నర్సు చదువు ముగించి, కోట అనే ఊరికి తూర్పున కాలవ గట్టు మీదున్న చిన్న ఆసుపత్రిలో చేరాను. డాక్టరుగారు అప్పుడప్పుడూ వచ్చిపోయేవారు. మిగతా రోజుల్లో నేనూ, ఒక ఆయా.

మాకు చదువు చెప్పిన పెద్ద సిస్టరు ఒక మాట పదేపదే అనేది. "రోగి నెత్తిన నిలబడి చెప్పొద్దు. పక్కన కూర్చో. చెప్పినాక అర్థమైందా అని అడగొద్దు. అడిగితే అందరూ తల ఊపుతారు. నాకు తిరిగి చెప్పమ్మా అను. వాళ్ల నోటితో వాళ్లు చెప్పిందే వాళ్లకు మిగిలేది." నేను అలాగే చేసేదాన్ని. పాళేల్లో ఆడవాళ్ల పక్కన చాప మీద కూర్చుని, బొడ్డు కోసే బ్లేడు ఎట్లా కాగబెట్టాలో, దారం ఎట్లా కట్టాలో, కోసినచోట బూడిద గాని పేడ గాని ఎందుకు పెట్టకూడదో చెప్పి, తిరిగి చెప్పించుకునేదాన్ని. మొదట సిగ్గుపడేవాళ్లు. తరవాత నవ్వేవాళ్లు. ఆ తరవాత చెప్పేవాళ్లు.

కార్తీకంలో ఒక రాత్రి... గాలి లేచింది. మామూలు గాలి కాదు. సవక తోటలు, అంటే సరుగుడు చెట్లు, ఒకటే హోరు. సముద్రం పొంగుతుందని పాళేల వాళ్లంతా ముందే పిల్లాజెల్లాతో మెరకకు పోయారు. నేను తలుపుకు గడియ పెట్టి పడుకున్నాను.

దబదబా తలుపు కొట్టారు.

"నర్సమ్మా! నేను మస్తానయ్యని. కాలవ అవతలి పాళెం. నా పెండ్లానికి నొప్పులొచ్చినాయి. బిన్నా రా తల్లీ!"

ఆ మనిషిని ఒకటి రెండుసార్లు చేపల రేవు దగ్గర చూశాను. అతని భార్య రవణమ్మను ఎన్నడూ చూడలేదు. పులికాటు వైపు నుంచి ఆ ఏడే కాపరానికి వచ్చిన పిల్ల. ఇల్లు దాటి ఎరగదు.

"అందరూ మెరకకు పోయినారు గదా, మీరెందుకు పోలా?" అన్నాను సంచీ సర్దుకుంటూనే.

"పోదామని లేచినాం. అడుగు పెట్టలేకపోయినాది. మా యమ్మని కాపలా పెట్టి పరిగెత్తుకోనొచ్చినా. పాళెంలో ఇంకొక్క పురుగు లేదమ్మా."

ఆ మాట గుర్తుపెట్టుకోండి. పాళెంలో ఎవరూ లేరు.

కాలవ దాటేసరికి నా చీర నడుముదాకా తడిసిపోయింది. అవతల ఇసుక, పైన చినుకులు. లాంతరు గాలికి రెపరెపలాడుతోంది. గుడిసెలన్నీ చీకటి. తలుపులకు తాళ్లు కట్టి ఉన్నాయి. కుక్క కూడా లేదు. చిట్టచివర ఒక్క ఇంట్లో మాత్రం దీపం... పసుపుపచ్చగా, తడికె సందుల్లోంచి.

దగ్గరికి వచ్చాం. గాలి ఒక్క క్షణం తగ్గింది.

మాటలు వినపడ్డాయి.

రెండు గొంతులు. ఒకటి లేతది. ఇంకొకటి బొంగురుది, ఆగి ఆగి మాట్లాడేది. బొంగురు గొంతు ఏదో అంటుంది... ఆగుతుంది. లేత గొంతు అదే తిరిగి అంటుంది. మళ్లీ బొంగురు గొంతు. మళ్లీ లేత గొంతు.

నాకు ప్రాణం కుదుటపడింది. "ఎవరో మంత్రసాని వచ్చినట్టుంది కదయ్యా" అన్నాను. మస్తానయ్య లాంతరు పైకెత్తి ఇంటివైపే చూస్తున్నాడు.

గుమ్మానికి అడ్డంగా గోనెపట్టా పరుచుకుని అతని తల్లి కూర్చుని ఉంది. చూపు సరిగా ఆనని ముసలమ్మ. మా అలికిడికి తలెత్తింది.

"ఎవురూ?"

"నేనే మా. నర్సమ్మని తెచ్చినా."

ముసలమ్మ నోరు తెరిచింది. "నర్సమ్మ లోపలే ఉండాది గదరా!"

లోపల మాటలు ఆగిపోయాయి.

"నిన్ను దాటుకోని ఎవురన్నా పోయినారా అవ్వా?" అన్నాను.

"లేదే... నేను కదిలింది లేదు. మాటలు ఇనపడతా ఉంటే నువ్వనుకున్నా."

మట్టిగోడల ఇల్లు. ఒక్కటే తలుపు. ముసలమ్మను దాటి నేను లోపలికి అడుగు పెట్టాను.

రవణమ్మ ఒక్కతే ఉంది.

గోడకు ఆనుకుని కూర్చుంది. పాత చీరె ముక్కలో చుట్టిన బిడ్డ రొమ్ముకు కరుచుకుని ఉంది. పాలు గుటకేస్తున్న చప్పుడు. ఆమె రెండో చెయ్యి బొడ్డు కింద పొట్టను గుండ్రంగా రుద్దుతోంది. ఆపకుండా. పొయ్యి మీద ముంతలో నీళ్లు ఇంకా సలసలమంటున్నాయి.

నేను బిడ్డను విప్పి చూశాను. బొడ్డు రెండుచోట్ల కట్టి ఉంది. మధ్యలో తెగి ఉంది. నేను కట్టినట్టే. బూడిద లేదు, ఏమీ లేదు. మాయ పూర్తిగా పడి, పళ్లెంలో మూతపెట్టి ఉంది. రవణమ్మ కింద గుడ్డలు బాగా తడిసి ఉన్నాయి. చాలా రక్తం పోయింది. పొట్ట మీద చెయ్యి పెట్టాను. గర్భసంచీ గట్టిగా ఉంది. నెత్తురు ఆగింది. అయినా నా సంచీలో ఉన్న సూదిమందు వేశాను. నాడి చూశాను. బలహీనంగా ఉంది గానీ ఉంది.

మీకు తెలియదు... మొదటి కాన్పు, ఒంటరిగా, అంత నెత్తురు పోతే, నేను వచ్చేసరికి ఆమె ఉండకూడదు. ఉండదు. ఉంది.

"ఎవరు చేసినారమ్మా ఇదంతా?"

"నేనే" అంది. గొంతు పీలగా ఉంది. "ఆ యక్క ఏదీ ముట్టుకోలా. చెప్పింది, అంతే. చెప్పి, ఏదీ తిరిగి చెప్పు అనింది. చెప్పినాకే చెయ్యనిచ్చింది."

మస్తానయ్య గుమ్మంలోనే నిలబడిపోయాడు. లాంతరు గాలికి ఊగుతోంది.

"ఏ యక్క?"

"తెల్దు. నొప్పులు ఎక్కువైనప్పుడు కళ్లు మూసుకున్నా. తెరిస్తే అదో, ఆ గోడపక్క కూసోనుండాది. నాకు బయమెయ్యలా. నొప్పొస్తే మాట్లాడేది కాదు. తగ్గిందాకా ఊరికే ఉండేది. తగ్గినాక చెప్పేది."

"బ్లేడు గురించి ఏం చెప్పింది?"

రవణమ్మ కళ్లు మూసుకుని పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "బ్లేడూ దారమూ నీళ్లలో ఎయ్యాల. తెర్లినాక దించకూడదు. వక్క నోట్లో ఏసుకోని, నమిలి, ఊసిందాకా తెర్లాల."

నా చేతిలో సిరంజి జారి చాప మీద పడింది.

ఎందుకో చెబుతాను. వక్క మాట నాది కాదు. నేను అందరికీ ఇన్ని నిమిషాలు అనే చెప్పేదాన్ని. అది పెంచలమ్మ మాట.

పెంచలమ్మ ఉప్పు పండించే కయ్యల దగ్గరి పాళెం మనిషి. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే ధనుర్వాతంతో దవడలు బిగిసి చనిపోయారు. ఆసుపత్రికి వచ్చిన మొదటి రోజు ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఇద్దరం వరండాలో కూర్చున్నాం చాలాసేపు. చివరికి, "నాయి బతకవమ్మా" అంది. ఆ తరవాత అన్నీ చెప్పుకుంది. నేను బ్లేడు సంగతి చెప్పి తిరిగి చెప్పమంటే నవ్వింది. "నిమిషాలు చూసేదానికి మా యింట్లో గడియారం ఉండాదా? నేను వక్క నమిలి ఊసిందాకా అని పెట్టుకుంటా." నాకు భలే నచ్చింది.

ఆ పెంచలమ్మ ఆ రాత్రికి కొన్ని నెలల ముందే చనిపోయింది.

సరే... ఒక మాట ఊళ్లు దాటి పోవడం వింత కాదు. చేపల గంపతో పాటు మాటలూ పోతాయి. రవణమ్మ చెవిన ఎక్కడో పడి ఉంటుంది, నొప్పుల్లో మనిషి కనబడినట్టు భ్రమ పడి ఉంటుంది. అలా నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే అడిగాను.

"పొట్ట రుద్దమని కూడా ఆమేనా చెప్పింది?"

"ఊఁ. నెత్తురు కారతానే ఉంటే కళ్లు తిరిగినాయి. పండుకుంటా అన్నా. వద్దనింది. గెట్టిగా అరిచింది. చెయ్యి పెట్టు, రుద్దు, లోపల టెంకాయ మాదిరి గెట్టిపడిందాకా రుద్దు, మెత్తబడితే మళ్లీ రుద్దు అనింది. చెప్పించింది కూడా. టెంకాయ మాదిరి, టెంకాయ మాదిరి అని అంటానే రుద్దినా."

చాప మీద కూలబడ్డాను.

పొట్ట రుద్దే సంగతి నేను తల్లులకు చెప్పేదాన్ని కాదు. అది మా చేతి పని, మేం చేసేది. ఒక్కరికే చెప్పాను. పెంచలమ్మకు. ఆమె చివరి కాన్పులో బిడ్డ బాగానే పుట్టాడు, ఏడ్చాడు. ఆ తరవాత నెత్తురు ఆగలేదు. సూదిమందు వేసినా ఆగలేదు. గూడూరు పెద్దాసుపత్రికి బండి కట్టించి, దారి పొడుగునా నేను ఆమె పొట్ట రుద్దుతూనే ఉన్నాను. మగత కమ్మనివ్వకూడదు కదా. అందుకని మాట్లాడిస్తున్నాను. "ఏం చేస్తా ఉండావమ్మా?" అంది. చెప్పాను. తిరిగి చెప్పమన్నాను. చెప్పింది. "టెంకాయ మాదిరి." మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పింది. మూడోసారి... చెప్పలేదు.

ఆ బండిలో నేను, ఆమె. బండివాడు ఎడ్ల ముందు లాంతరు పట్టుకుని నడుస్తున్నాడు. విన్నాడేమో. విని ఎవరికైనా చెప్పాడేమో. ఇప్పటికీ నా మనసు ఆ బండివాణ్ణే పట్టుకు వేలాడుతుంది.

"ఎట్లుండాదమ్మా ఆ యక్క?" అన్నాను.

"మొకం తెలియలా. దీపం ఇటుపక్క ఉండె గదా. తడిసిపోయుండాది పాపం. నడుము కిందంతా."

"వానకా?"

రవణమ్మ తల అడ్డంగా ఊపింది.

నేను ఆ గోడ దగ్గరికి పాక్కుంటూ పోయాను. అక్కడ నేల మీద అరచెయ్యి ఆనించాను. మెల్లగా... అటూ ఇటూ జరిపాను.

పొడిగా ఉంది. అలికిన నేల. చేతికి మట్టిపొడి అంటింది, అంతే.

"నర్సమ్మా..." రవణమ్మ పిలిచింది. "నువ్వొస్తే ఒకటి అడగమనింది."

"ఏంది?"

"పిల్లోడు పాలు తాగతా ఉండాడా, అని. ఎవురి పిల్లోడమ్మా?"

బయట గాలి పూర్తిగా ఆగిపోయినట్టు అనిపించింది. ఆగిందో, నాకు వినపడలేదో. మస్తానయ్య "నర్సమ్మా, నర్సమ్మా" అంటున్నాడు. నేను అతనివైపు చూడలేదు. రవణమ్మ వైపూ చూడలేదు. నాకు మతి పోయిందనుకోండి, ఏమైనా అనుకోండి. నేను ఆ గోడ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఎప్పుడూ రోగుల పక్కన కూర్చునేట్టే. కూర్చుని చెప్పాను.

"తాగతా ఉండాడు. మీ యమ్మ మేకపాలు కాగబెట్టి పడతా ఉండాది. మొన్న నేను చూసొచ్చినా. బోర్లపడతా ఉండాడు. దవడలు బాగున్నాయి. నవ్వతా ఉండాడు."

ఎవరూ తిరిగి చెప్పలేదు. పొయ్యి మీద నీళ్లు మాత్రం తెర్లుతున్నాయి.

అప్పుడు... గుమ్మంలో ముసలమ్మ కదిలింది. చాచుకుని ఉన్న కాళ్లు రెండూ దగ్గరికి ముడుచుకుంది. ఎవరికో దారి ఇస్తున్నట్టు. చెయ్యెత్తి చీకట్లోకి చూస్తూ అంది.

"బద్రంగా పో తల్లీ. కాలవ కాడ జారతాది."

మస్తానయ్య ఒక్క గెంతులో గోడకు అతుక్కుపోయాడు. "ఎవురితో మాట్లాడతా ఉండావు మా?"

"నర్సమ్మతోరా. ఇప్పుడే గదా నన్ను దాటుకోని పోయినాది."

నేను లోపలే ఉన్నాను. గోడ ఎదురుగా. కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

ముసలమ్మకు చూపు ఆనదు. అది నిజమే. నీడ ఏదో ఆడి ఉంటుంది, కొడుకు చేతిలో లాంతరు ఊగింది కదా. తెల్లారి మస్తానయ్య, నేను గుమ్మం ముందంతా వెతికాం. వాన కొట్టిన ఇసుక. మా అడుగులే సగం చెరిగిపోయి ఉన్నాయి, ఇంకెవరివి ఉన్నా కనబడవు.

రవణమ్మ బతికింది. బిడ్డా బతికింది. ఆ తరవాత రవణమ్మ నన్ను చాలాసార్లు అడిగింది, ఆ యక్క ఎవరని. పేరు నా నాలుక చివరిదాకా వచ్చేది. చెప్పలేకపోయాను. ఏమని చెప్పను? నాకే తెలియదు.