బురుజు ఇండ్ల ఊరు చూసొచ్చినాయన

ఖతర్‌లో చమురు పనులు జోరుగా సాగుతున్న రోజులవి, నేనూ అక్కడే పనిచేసేవాణ్ణి. ఒక శుక్రవారం అల్ ముంతజా నుంచి షహానియా వైపు పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. చూడబోతే అరబ్బు. నేను బెదిరి ఒదిగి కూర్చుంటే, "సరిగ్గ కూసో తమ్మీ, నాది హైద్రాబాదే" అన్నాడు.

వాళ్ళ తాత ఎప్పుడో యెమన్ కొండల్లోంచి నిజాం ఫౌజులో చేరడానికి వచ్చాడట. ఈయన సెలవు పెట్టి ఆ ఊరు చూసి వస్తున్నాడు.

"ఎట్లుంది చాచా?"

"కొండ కొనమీద వందల ఏండ్లనాటి ఊరు. అన్నీ రాతి బురుజుల తీరు ఇండ్లే. కింద తలుపు కొడితే పై కిటికీలకెల్లి ఎవరని అడుగుతరు. తెలిసినోడైతే పైనుంచే తాడు గుంజుతరు, గడియ ఊడుతది."

"మీరేమన్నరు?"

"అలవాటు గద, 'నేనే' అన్న."

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు.

"మల్ల తాత పేరు చెప్పిన. ఆ పేరుగల్లోడు మాకెవ్వడు లేడని కిటికీ మూసిండ్రు. హైద్రాబాద్‌ల మమ్మల్ని అరబ్బులంటరు తమ్మీ, ఆడ ఇండియావోల్లంటరు. పొద్దుగూకేదాక ఆ తలుపు ముంగటనే కూసున్న, తాడు గుంజుతరేమోనని."

ఎడారిలో ఒకచోట ఆయన దిగి వెళ్ళిపోయాడు. పేరైనా అడగలేదు నేను.

ఇప్పుడు మా ఊళ్ళో ఇంటిపట్టునే ఉంటున్నాను. ఎవరు తలుపు తట్టినా లేచిపోయి గడియ తీసేస్తాను. "ఎవలో ఏందో అడగకుంటనే తీస్తవేంది?" అని నా భార్య కసురుతుంది.

"లోపలికొచ్చి కూసున్నంక అడుగుదాం తియ్" అంటాను.