ఎండలో వెలిగించిన నియాన్ బోర్డు

ఆ రోజుల్లో బెజవాడ బజారుకి అందం వచ్చేది చీకటి పడ్డాకేనని, ఆ అందం మా చేతుల్లోనే ఉందని నాకు గట్టి నమ్మకం. డెబ్బైల నాటి సంగతి. గవర్నర్‌పేట కొట్లమీద ఎర్రగా, నీలంగా వెలిగే గాజు గొట్టాల అక్షరాలు, అంటే నియాన్ బోర్డులు, మా షెడ్డులో తయారయ్యేవి. (ఇప్పుడవి లేవు. నేనున్నాను, ఏం లాభం.) మా మేస్త్రి పని నేర్చుకున్నది మద్రాసులో, పేరు మాత్రం జపాన్ మేస్త్రి. గోడకి టోక్యో వీధి బొమ్మున్న కేలండరు వేలాడేది. ఏడాది మారినా దాన్ని తీయనిచ్చేవాడు కాదు. మేడ పైనుంచి కిందదాకా నిలువుగా దిగిన ఆ దీపాల అక్షరాలు చూపించి, "వాళ్ళు గాజుతో రాస్తారయ్యా. మనం గాజు వంచుతాం, అంతే" అనేవాడు. టీ చల్లారినా సరే, జపాన్‌లో అయితే చల్లారదనేవాడు.

నాకా పనంటే పిచ్చి. గొట్టాన్ని మంటమీద తిప్పుతూ, మెత్తబడగానే నోట్లోని రబ్బరు ట్యూబుతో మెల్లగా ఊదుతూ వంచాలి. ఊపిరి తగ్గితే వంపు నొక్కుకుపోతుంది, ఎక్కువైతే బుడగ లేస్తుంది. పైగా అక్షరాన్ని వెనకనుంచి, అద్దంలో చూసినట్టు తిరగేసి చేయాలి. మూతి కాలేది, వేళ్ళు బొబ్బలెక్కేవి. బి.ఎ. చదివిన కొడుకు గొట్టాలు ఊదుతున్నాడని కంకిపాడు పక్కన మా ఊళ్ళో నాన్నకి తలకొట్టేసినట్టుండేది. ఎరువుల సొసైటీలో గుమాస్తా పని మాట్లాడిపెట్టాడు. నేను మొండికేస్తే చివరికి దిగొచ్చి, "నువ్వు చేసిందొకటి నా కళ్ళతో చూస్తా. బాగుంటే ఉండు. లేదంటే నోరుమూసుకుని సొసైటీలో చేరు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఒక బట్టల కొట్టుకి బోర్డు ఒప్పుకున్నాం. మేస్త్రి చిరకాల కోరిక ప్రకారం జపాన్ పద్ధతిలో, అక్షరం కింద అక్షరం. అన్నీ నేనే వంచాను. కొట్టు తెరిచేది శ్రావణమాసంలో, పొద్దున పది గంటల ముహూర్తానికి. చీకటి పడ్డాక వెలిగిద్దామండీ అని మేస్త్రి బతిమాలాడు. "ముహూర్తానికే వెలగాలండి. మీ జపానోళ్ళకి వర్జ్యాలుండవేమో, మాకుంటాయి" అన్నాడు షావుకారు.

అంతకుముందు వారమంతా చినుకు రాలని మబ్బే. ఆ రోజు మాత్రం సూర్యుడు ఎవరో పిలిచినట్టు వచ్చి, తూర్పు ముఖం కొట్టుకి ఎదురుగా కూర్చున్నాడు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి బస్సుకే దిగాడు. పురోహితుడు అక్షరం అక్షరానికీ పసుపు రాసి బొట్టు పెట్టాడు. షావుకారు బావమరిది బంతిపూల దండలు చుట్టాడు. మేస్త్రి స్విచ్ వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు, ఎందుకు కొట్టారో వాళ్ళకే తెలియాలి.

నాన్న కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఎప్పుడు వెలుగుద్దిరా?"

"వెలిగింది నాన్నా."

"ఏదీ?"

"ఎండకి తెలీట్లేదు. సాయంత్రందాకా ఉండు, చూద్దువుగాని."

"ఎట్టా ఉంటానురా? రాత్రికి మన చేనికి నీళ్ళ వంతు. ఇయ్యాళ తప్పితే నాట్లు ఎండిపోతాయి."

మేస్త్రి చేతులు నలుపుకుంటూ, "జపాన్‌లో అయితే రాత్రిళ్ళే వెలిగిస్తారండి" అన్నాడు.

"అయితే అక్కడే పెట్టుకోవాల్సిందండీ" అన్నాడు నాన్న, ఎంతో మర్యాదగా.

ఆయన బస్సెక్కేశాడు. సాయంత్రం దీపాల వేళకి నా అక్షరాలు ఒక్కసారిగా రోడ్డంతా ఎర్రబరిచాయి. రిక్షాలు ఆగాయి, సినిమాకి పోయేవాళ్ళు తలెత్తి నిలబడ్డారు. నాకు మాత్రం ఒళ్ళంతా కోపం. ముహూర్తం మీద కోపం, కాలవ మీద కోపం, సూర్యుడి మీద మరీ కోపం. మాటంటే మాటే కనక వారం తిరక్కుండా సొసైటీలో చేరి, రిటైరయ్యేదాకా యూరియా బస్తాల వాసన పీల్చాను. నాన్న ఆ తర్వాత ఎన్నిసార్లు బెజవాడ వచ్చినా పగటి బస్సుకే వచ్చాడు, పగటి బస్సుకే పోయాడు. ఆ బోర్డు ఏదో గాలివానకి పడిపోయింది.

చాలా ఏళ్ళకి ఒకసారి కాలవ గట్టుమీద కూర్చుని ఉండగా, నాన్న ఉన్నట్టుండి అడిగాడు. "ఇంతకీ ఏం రంగురా అది?"

"ఎరుపు నాన్నా."

ఓ మట్టిబెడ్డ నీళ్ళలోకి విసిరి, "బాగుండుంటదిలే" అన్నాడు.

ఇప్పుడు బజార్లో మిట్టమధ్యాహ్నం కూడా కళ్ళు జిగేలుమనే బోర్డులు వచ్చాయి. వాటిని చూస్తే ఒళ్ళు మండుతుంది. అయినా ఆగి, ఆయనలాగే కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూస్తాను. అప్పుడు మాత్రం నాకే నవ్వొస్తుంది.