వల లాగేవాడి మాట

రష్యాలో ఎర్రజెండా పార్టీ ఎలా గెలిచిందో చూపించే సినిమాలకు ఊరూరా తెలుగులో మాటలు చెప్పేవాణ్ణి. రామయ్యపట్నంలో ఆట మధ్యలో మాటల కాగితం కనబడలేదు. తెర మీద వల లాగుతున్న జాలరి ఏదో అరిచాడు. "పార్టీ జిందాబాద్ అంటున్నాడు" అనేశాను.

మర్నాడు బరంపురం బస్సులో పక్కనున్న, రాత్రి ఆట చూసిన ముసలి జాలరి మెల్లగా అన్నాడు: "ఆడు ఆ మాట అననేదు బాబూ."

చుట్టూ చూసి అడిగాను: "మీకు రష్యా భాష వచ్చా?"

"బాసెందుకు? వల బరువెక్కితే ఏ దేశపోడైనా ఐలెసా అంటాడు. జిందాబాద్ అనడానికి ఊపిరెక్కడుంటది? ఎవులికీ సెప్పన్లే."

హమ్మయ్య అనుకున్నాను.

తరవాత ప్రతి ఆటలోనూ అక్కడ "ఐలెసా" అనేవాణ్ణి. ఆ సినిమా మొత్తంలో నేను తడుముకోకుండా చెప్పింది ఆ ఒక్క మాటే.