సారులో చేదు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. బెంగళూరులోని ఒక మానసిక వైద్యశాలలో నర్సుగా ఉన్న నన్ను కమ్యూనిటీ విభాగానికి మార్చారు. రోగి ఇంటికే వెళ్లి ఎలా ఉన్నాడో చూసి రావాలి. దీన్ని మేము హోమ్ విజిట్ అంటాం. ఒంగోలు నుంచి వచ్చిన నాకు కాటన్‌పేట సందుల్లో తెలుగిళ్లకు వెళ్లడమంటే ఇష్టం. కాఫీ తాగందే కదలనివ్వరు.

మంజునాథ వాళ్లది తాతల నాటి దారాల వ్యాపారం. ముప్పై దాటినవాడు. లేని గొంతులు వినిపించే జబ్బు, స్కిజోఫ్రీనియా. మందులతో బాగుపడి కొన్నాళ్లు అంగట్లో కూర్చున్నాడు. తర్వాత మాత్రలు మానేశాడు. ఇప్పుడు ఇంట్లో తిండే మానేసి మూలమీది బేకరీ బన్నులతో బతుకుతున్నాడు. చిక్కి సగమయ్యాడు.

“మాయమ్మ సారులో ఏందో కలుపుతా ఉండాది సిస్టర్. ఒకటే చేదు. తిన్నాక కండ్లు మూతలు పడతాయి,” అన్నాడు. చారును వాళ్లు సారు అంటారు.

తిండిలో ఏదో కలుపుతున్నారనే అనుమానం ఈ జబ్బులో మాకు తరచూ ఎదురయ్యేదే. ఎంత చెప్పినా చెదరని ఇలాంటి తప్పుడు నమ్మకాన్ని డెల్యూషన్ అంటాం. ఇంట్లో అందరూ అదే అన్నారు. కానీ ఆ చేదు సంగటిలో లేదట, మజ్జిగలో లేదట, ఒక్క సారులోనేనట. ఆ మాట నన్ను వదల్లేదు.

వంటింట్లోకి వెళ్లి వాళ్లమ్మ రుక్మిణమ్మగారిని అడిగాను.

“వాడికంటే జబ్బు, నీకేమొచ్చె సిస్టరమ్మా?” అని కసురుకుంది. నేను కదలకపోయేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఏం చేసేది తల్లీ? చేతికిస్తే పారేస్తాడు. పాత చీటీ చూపించి మాత్రలు తెచ్చి, నూరి కలుపుతా ఉండాను. నా బిడ్డ బాగుండాలనే కదా!”

రోగికి తెలియకుండా తిండిలో మందు కలపడాన్ని కోవర్ట్ మెడికేషన్ అంటాం. చాలా ఇళ్లలో ప్రేమకొద్దీ చేస్తారు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నిజం చెబితే అతను తల్లినే వదిలి పోవచ్చు. చెప్పకపోతే ఆకలితో పడిపోతాడు. డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే, “కలపడం ఇవాళే ఆపించండి. మీ ఎదుటే ఆమెతో అతనికి నిజం చెప్పించండి. రేపు ఇద్దరినీ తీసుకురండి,” అన్నారు.

ఆవిడ చెప్పింది. మంజునాథ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

“అందరూ నాది పిచ్చి అనిరి. నువ్వూ అంటివి కదమ్మా.”

నా వైపు తిరిగాడు. “అట్లయితే ఆ గొంతులు కూడా నిజమేనా సిస్టర్?”

ఇన్నేళ్ల సర్వీసులో ఇంత కష్టమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ బొంకితే నమ్మడానికి అతనికి ఇక మనిషే ఉండడు.

“నీకు వినపడుతున్నాయి, ఆ బాధ నిజం. కానీ మా ఎవరికీ వినపడవు నాయనా. అవి జబ్బు వల్ల వస్తున్నాయి. సారు సంగతి నిజం కాబట్టి నిజమని ఒప్పుకున్నాం కదా?”

రుక్మిణమ్మ మళ్లీ పొయ్యి వెలిగించి, మా కళ్లెదుటే కొత్తగా సారు కాచి, పళ్లెంలో అన్నం పెట్టి పోసింది. అతను పళ్లెం ఆమె వైపు జరిపాడు.

“ముందు నువ్వు తిను.”

ఏడుస్తూనే ఆవిడ ముద్ద కలుపుకుని తింది. రెండో ముద్ద అదే పళ్లెంలోంచి అతను తిన్నాడు.

మర్నాడు ఆసుపత్రికి వచ్చాడు. మందు మార్చారు. ఇప్పుడు మాత్ర తన చేత్తోనే వేసుకుంటున్నాడు, అప్పుడప్పుడు మొండికేస్తాడు కూడా. గొంతులు పూర్తిగా పోలేదు. వినపడినప్పుడు మాత్రం, “అమ్మా, నీకేమన్నా వినపడిందా?” అని అడుగుతాడట. లేదు అని ఆమె అంటే నమ్ముతాడట.

ఇప్పటికీ ఏ ఇంటికి వెళ్లినా ఎవరో ఒకరు అంటారు: “తిండిలో ఏదో కలుపుతున్నామంటాడు సిస్టర్, అంతా వాడి భ్రమ.” వంట చేసేవాళ్లను పక్కకు పిలిచి నేను ముందు అడిగేది ఒకటే: “కలుపుతున్నారా?”

కొందరు తల దించుకుంటారు.